చాందీ యాడి చేతి గాజులు

పోయిన నెల భూపాలపల్లి నుంచి ఒక ఫోన్ వచ్చింది. అవతల ఓ కుర్ర డాక్టరు. "మేడం, మా నర్సులకు చిన్న దెబ్బల మీద ఒకరోజు ట్రైనింగ్ పెట్టినం. మీరు జనగామల చాన ఏండ్లు నర్సులకు పాఠాలు చెప్పిన్రట గద, జర వచ్చి నాలుగు ముచ్చట్లు చెప్పుండ్రి" అన్నాడు. "చిన్న దెబ్బ అని ఎవరు చెప్పాలె బిడ్డా? తగిలినోళ్లా, చూసినోళ్లా?" అని అడిగాను. ఇది నాకు పాత జబ్బు. ఆ మాట ఎవరు అన్నా నా నోరు ఊరుకోదు. పిల్లవాడు నవ్వి, "గిదే వచ్చి చెప్పుండ్రి మేడం" అన్నాడు. రిటైరయ్యాక నన్ను పాఠం చెప్పమని ఎవరూ పిలవలేదు. బెట్టు చేద్దామనుకున్నాను గాని, అతను ఫోన్ పెట్టేలోపే ఏ బస్సుకు రావాలో కూడా అడిగేశాను.

ఏం చెప్పాలో రాసుకుందామని, పాత నోటు పుస్తకాల కోసం మంచం కింది రేకుపెట్టె బయటికి లాగాను. నోటు పుస్తకాలు చెదలు తినేశాయి. అడుగున మాత్రం ట్రైనింగ్ నాటి తెల్ల ఏప్రాన్ మడత విప్పకుండా ఉంది. దాని జేబులో ఏదో గట్టిగా తగిలితే చెయ్యి పెట్టి తీశాను. ఒక తెల్ల ప్లాస్టిక్ గాజు. ఒకప్పుడు తెల్లది, ఇప్పుడు ముసలివాళ్ల పంటి రంగులోకి వచ్చింది. మణికట్టుకు వేసుకుని చూశాను. సబ్బు అక్కర్లేకుండానే ఎక్కింది. వయసు మీద పడి చేతులు సన్నబడ్డాయి మరి. ఆ గాజు చేతికి ఉండగానే చాందీ యాడి గొంతు చెవిలో మోగింది, వీపు మీద చరిచినట్టే. నిజంగానే చరిచింది లెండి, అది తర్వాత చెబుతాను.

నేను నర్సు ట్రైనింగు అయింది జనగామలో. హాస్టల్లో పొద్దున నిద్ర లేపేది గంట కాదు, వాసన. ఒకవైపు వంటింట్లో ఉప్మాకు వేసిన పోపు, ఇంకోవైపు వెనక గదిలో పెద్ద గిన్నెలో కత్తెర్లూ సూదులూ ఉడుకుతున్న ఆవిరి. రెండూ కలిసి వరండాలోకి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఉప్మా వాసన వస్తే, పక్కన స్పిరిట్ వాసన ఎందుకు లేదా అని నా ముక్కు వెతుక్కుంటుంది. మా పంతులమ్మ మార్తమ్మ సిస్టరు. ఆమెది జనగామే. ఆదివారం చర్చికి పోయేది, మిగతా ఆరు రోజులూ మా ప్రాణాలు తీసేది. తెల్లచీర కొంగు మీద వరసగా ఐదారు పిన్నీసులు, బుగ్గన ఎప్పుడూ ఓ వక్కపలుకు. కోపం వస్తే ఆ వక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు పోయేది. మేం ముఖం చూసేవాళ్లం కాదు, వక్క ఎటు ఉందో చూసుకునేవాళ్లం.

చేతులు కడుక్కున్న తడి ఆరకముందే సిస్టరు మమ్మల్ని వరండాలో నిలబెట్టి 'కిందపడ్డ ఆట' ఆడించేది. ఒకరు దెబ్బ తగిలిన మనిషి, ఒకరు నర్సు. దెబ్బ తగిలిన మనిషి ఏ సైకిలు మీద నుంచి పడిందో, ఏ కొడవలికి కోసుకుందో, ఆ కథంతా సొంతంగా కల్పించుకోవాలి. నర్సు గాయం వైపు చూడకుండా ముందు అడగాలి. ఎట్ల తగిలింది, ఎప్పుడు తగిలింది, ఏ చేత్తోటి పని చేస్కుంటవు, ఏడ నొస్తున్నది, ఇంట్ల ఏం పూసుకొచ్చినవు. అడిగాక చూడాలి, చూశాక తాకాలి, తాకాక కదిలించమనాలి. బాగున్న చేతిని పక్కన పెట్టి పోల్చాలి. చివరికి ఏది మరిచినా గోరు మాత్రం మరవకూడదు. వేలి కొసన గోరును నొక్కి వదిలితే తెల్లబడి, మళ్లీ వెంటనే ఎర్రబడాలి. ఎర్రబడితే లోపల రక్తం ఆడుతున్నట్టు. ఆలస్యమైతే ఉరకాలి. మేం ఒకరి గోళ్లు ఒకరం నొక్కి నొక్కి, అన్నం కలుపుకునేటప్పుడు కూడా పక్కదాని గోరు నొక్కేవాళ్లం.

ఇంట్లో ఏం పూసుకొచ్చావనే ప్రశ్నకు వచ్చే జవాబులు ఒక కిరాణా కొట్టంత ఉండేవి. పసుపు, కాఫీపొడి, సున్నం బెల్లం, బళ్లో పలకలు తుడిచే ఆకు పసరు. ఒకాయన కాలిన చేతికి పళ్ల పేస్టు పూసుకుని, దాని మీద ఈగలు వాలకుండా ఇడ్లీపిండి పట్టించి తెచ్చాడు. మేం ఫక్కున నవ్వితే సిస్టరు వక్క బుగ్గ మారింది. ఆయన వెళ్లాక, "నవ్వద్దు, తిట్టద్దు. తిడితే రేపు ఏం పూసిన్రో మీకు చెప్పరు, దాస్తరు. మంచిగ కడుగుండ్రి. కడిగినంకనే దెబ్బ ఎంతున్నదో కనబడ్తది" అంది. కుట్లు వేయడం మాత్రం కోడికాళ్ల మీద నేర్పింది. మూలమీది దుకాణం నుంచి తోలు తీయని కోడికాళ్లు తెప్పించి, వాటిని చాకుతో గీసి, కుట్టమనేది. పాఠం అయ్యాక కుట్లు విప్పి వాటిని వంటామెకు ఇవ్వాలి. నా పక్క మంచం సుజాత ఎంత గట్టిగా కుట్టిందంటే కొన్ని దారాలు ఊడి రాలేదు. ఆ రాత్రి కూరలో నల్లదారం నోట్లోంచి లాగుతూ వార్డెనమ్మ పెట్టిన ముఖం ఈ జన్మకు మరవను. అప్పటి నుంచి ఏది ఊడి రాకపోయినా మాకు అది 'సుజాత కుట్టు'.

ఇంత సరదాలోనూ నాకు ఒక భయం ఉండేది. మాది మానుకోట, కాగితాల మీద మహబూబాబాద్, దాని పక్కన ఒక తండా. ఇంట్లో మా లంబాడీ భాష తప్ప వేరే మాట వినబడదు. మొదటి రోజు హాస్టల్లో ఒక అమ్మాయి, ట్రైనింగు ముగించి పెట్టె సర్దుకుంటున్న ఇంకో అమ్మాయిని చూపించి, "గీమె తండా పిల్లనట, తలకు నూనెన్న పెడ్తదో లేదో" అని నవ్వింది. అంతే, పెట్టె కింద పెట్టకముందే నా నాలుక మడతపడింది. "నీదేవూరు?" అని సుజాత అడిగితే, "మానుకోట టౌన్. బస్టాండ్ పక్కన్నే" అన్నాను. ఇంట్లో కమ్లీ అని పిలిచే పేరు బళ్లో కమల అయి ఉండటం కలిసొచ్చింది. ఒక్క అబద్ధంతో పని అయిపోతుందనుకున్నాను. అది పిల్లలు పెట్టింది. బస్టాండ్ పక్కన ఇల్లు కట్టాను, ఇంట్లో నల్లా పెట్టాను, కిటికీకి ఆకుపచ్చ రంగు వేశాను. "సెలవులకు మీ ఇంటికి వస్తనే, పొద్దున లేస్తే బస్సులు కనబడ్తయా?" అని సుజాత అడిగితే, "బస్సులు కనబడుడేంది, హారన్లకు నిద్రే పట్టది" అని విసుక్కున్నాను కూడా.

మా అమ్మను మేం యాడీ అంటాం. నన్ను చూడ్డానికి ఒకసారి వస్తానని కబురు పెట్టింది. అద్దాల రవికె, గవ్వల ఓణీ, ఘాగ్రా, చేతుల నిండా గాజులు, ఇదీ మా యాడి. రోడ్డు మీద నడుస్తుంటే అరమైలు అవతలికి మెరుస్తుంది. నేను చెల్లెలితో చెప్పించాను, చీర కట్టుకుని రమ్మని. వచ్చింది. ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న నేతచీర, చేతుల మీది పచ్చబొట్లు కనబడకుండా పొడుగు చేతుల జాకెట్టు. గేటు నుంచి వరండాకు ఇరవై అడుగులు ఉంటుందేమో, ఆ చీరలో నడవలేక మూడుసార్లు తట్టుకుంది. సుజాత "అమ్మా, మంచిగున్నరా?" అని పలకరిస్తే నవ్వి ఊరుకుంది. నోరు తెరిస్తే భాష బయటపడుతుందని నేను చెప్పించలేదు. ఆమెకే తెలిసింది. ఆమె తెచ్చిన సజ్జరొట్టెలు తింటుంటే నాకు సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు దేనికో అప్పుడు తప్పుగా లెక్కవేసుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు మమ్మల్ని పల్లె పనికి పంపారు. జనగామలో రైలెక్కి గార్లలో దిగి, అక్కడి నుంచి బస్సులో ఒక ఊరి దవాఖాన. రెండు గదులు, ఒక వరండా, ముందు చేదబావి. డాక్టరు వారంలో రెండు రోజులు వచ్చేవాడు, మిగతా రోజులు అన్నీ సిస్టరే. ఒక అంగడి రోజు పొద్దున్నే లోపల ఒకామెకు కాన్పు నొప్పులు మొదలయ్యాయి. సిస్టరు అటు ఇటు తిరుగుతున్నప్పుడు ఒక పెద్దావిడ కుడిచేతిని ఓణీలో చుట్టుకుని మెట్లెక్కి వచ్చింది. అద్దాల రవికె, ఘాగ్రా, మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్ల గాజులు. అచ్చం మా యాడిలాగే ఉంది. నేను ట్రే సర్దే వంకతో పక్కకు జరిగాను.

సంగతి వెంట వచ్చిన వాళ్లు చెప్పారు. మేకపోతును అంగడికి తోలుకొస్తూ తాడును చేతికి చుట్టుకుందట. లారీ హారన్ కొట్టేసరికి మేకపోతు లంఘించింది. తాడు ఊడక, అది ఈమెను రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. మొగుడేమో పారిపోయిన మేక వెంట పరుగెత్తాడు, ఈమె దవాఖానకు వచ్చింది. అరచేయి గీరుకుపోయి, చెయ్యంతా పొంగుతోంది. ఉంగరం వేలికి ఒక లావాటి వెండి ఉంగరం మాంసంలోకి దిగుతోంది. సిస్టరు గాజులు చూసింది, ఉంగరం చూసింది. "వాపు ఇంక పెరుగుతది. ఇవన్ని ముందుగల్ల తియ్యాలె" అని గాజులు కోసే చిన్న కటింగ్ ప్లేయరు అందుకుంది. అంతే, ఆవిడ కేక పెట్టి చెయ్యి గుండెకు అదుముకుని వరండా మూలకు జరిగింది. "నొప్పి గాదవ్వా, చేతికి తగలనియ్య" అని సిస్టరు ఎంత చెప్పినా ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అంగడి తెలుగు తప్ప ఆవిడకు తెలుగు రాదు. సిస్టరు మా వైపు తిరిగింది. "గీమె భాష ఎవరికన్న వస్తదా?"

నేను ట్రేలో ఉన్న కత్తెర్ల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ కత్తెర్లు ఎన్ని ఉన్నాయో ఇప్పటికీ చెప్పగలను, నాలుగు. లోపలి నుంచి కాన్పు ఆమె అరుపు వినబడింది. "బలవంతంగ ముట్టద్దు. ఈమె మొగడు రానీ, ఆయనకు చెప్దాం. కమలా, నువ్వు ఈడ కూసో. చెయ్యి ఎత్తి పట్టు, తడిగుడ్డ వెయ్యి. ఉంగరం వేలు గోరు నొక్కుకుంట ఉండు. ఎర్రబడుడు ఆలస్యమైతే ఉరికి రా" అని చెప్పి సిస్టరు లోపలికి పోయింది.

గంటసేపు ఆవిడ పక్కన కూర్చున్నాను. చెయ్యి నా భుజం మీద పెట్టుకుని, తడిగుడ్డ మారుస్తూ, గోరు నొక్కుతూ. ఆవిడ నాతో కాదు, తనతో తానే మాట్లాడుకుంటోంది. నాకు ఒక్క ముక్క కూడా పోకుండా అర్థమవుతోంది. "మేక పోతే పోనీ, నా మనిషి మంచిగుంటే సాలు. ఆయన బతికుండంగనే నా గాజులు కోస్తరట. ఇగ నేను ఏం మొఖం పెట్టుకొని తండాకు పోవాలె" అంటోంది. మా తండాల్లో పెళ్లయిన ఆడది మొగుడు పోతే తప్ప గాజులు తీయదు. ఈ సంగతి సిస్టరుకు తెలియదు. తెలిసిన దాన్ని నేను పక్కనే కూర్చుని నోరు కుట్టుకున్నాను, సుజాత కుట్టు. మధ్యలో ఆవిడ నా వైపు చూసి, "పాపం పిల్ల, చేతులు సల్లగున్నయ్, నా బిడ్డ చేతుల లెక్క" అంది, నాకు అర్థం కాదనుకుని. నా కళ్ళలో నీళ్లు తిరిగాయి. అయినా మాట్లాడలేదు. లోపల సుజాత ఉంది, వరండాలో ఊరివాళ్లు ఉన్నారు, బస్టాండ్ పక్కన నేను కట్టిన ఇల్లు ఉంది.

అప్పుడు గోరు నొక్కాను. తెల్లబడింది. వదిలాను. తెల్లగానే ఉంది. మనసులో లెక్క పెట్టుకున్నాను. ఐదు దాకా వచ్చినా తెల్లగానే ఉంది, వేలు నీలంగా తిరుగుతోంది. ఆ క్షణాన ఇల్లూ లేదు, నల్లా లేదు. "యాడీ! ఆ ఉంగరం తియ్యకుంటే నీ వేలు సచ్చిపోతది" అని మా భాషలో గట్టిగా అరిచాను. ఆవిడ నోరు తెరుచుకుని నన్ను చూసింది. తర్వాత బాగున్న ఎడమచేతిని ఎత్తి నా వీపు మీద ఒక్కటి వేసింది. "ఛోరీ! నువ్వు మనదానివా? గింతసేపు నోట్లె ఏం పెట్టుకున్నవే? ఉంగరం తీస్కో, దానికేం! నేను వద్దన్నది గాజులను!"

చూడండి మరి. ఉంగరం తీయడానికి ఆవిడకు ఎప్పుడూ అభ్యంతరం లేదు. గంట కిందట ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే వేలు నీలం తిరిగేదే కాదు. అడగాల్సిన మాట నా దగ్గర ఉంది.

లోపల కాన్పు అప్పుడే అయింది, నా కేకకు సిస్టరు పరుగెత్తుకొచ్చింది. నన్ను ఏమీ అడగలేదు, వేలు చూసింది. కుట్లు వేసే దారం తీసి, దాని కొసను ఉంగరం కిందుగా దూర్చి, మిగతా దారాన్ని బొంగరానికి తాడు చుట్టినట్టు వేలికి కణుపు దాకా బిగించి చుట్టింది. తర్వాత ఉంగరం కింది కొసను పట్టుకుని విప్పుతూ పోతే, చుట్టు చుట్టుకూ ఉంగరం జరిగి జరిగి కణుపు దాటి నా ఒళ్లో పడింది. చాందీ యాడి, అప్పటికి పేరు కూడా తెలిసింది, నొప్పికి మేకపోతును వంశంతో సహా తిట్టింది. గోరు నొక్కాను. తెల్లబడింది. మెల్లగా, చాలా మెల్లగా ఎర్రబడింది. నేను బావురుమన్నాను. "ఏడ్సుడు తర్వాత, ఇంక గాజులున్నయ్" అంది సిస్టరు.

గాజుల సంగతి నేను విడమరచి చెప్పాక సిస్టరు ప్లేయరు కింద పెట్టేసింది. ఇంతలో సోమ్లా తాత, అంటే చాందీ యాడి మొగుడు, చెమటలు కక్కుతూ మేకపోతును ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆయనను చూడగానే నాకు ఒక ఆలోచన తట్టింది. మొగుడు పోతేనే గాజులు తీస్తారు కదా, మొగుడే ఎదురుగా కూర్చుని తీస్తే? "తాతా, నువ్వే తియ్యి. నువ్వు తీస్తే నువ్వు బతికున్నట్టే గద" అన్నాను. తాత ఆలోచించాడు. చాందీ యాడి ఇంకా ఎక్కువ ఆలోచించింది. చివరికి ఒప్పుకుంది గాని ఒక షరతు పెట్టింది. అన్ని గాజులూ దిగేదాకా ఆయన నోరు మూయకూడదు, ఆయన గొంతు ఆమెకు వినబడుతూనే ఉండాలి.

అలాంటి వైద్యం నేను మళ్లీ చూడలేదు. సబ్బునీళ్లు పోసి, చేతి మీద పాలిథిన్ కవరు తొడిగి, సోమ్లా తాత ఒక్కో గాజు జార్చుతున్నాడు. ఆపకుండా మాట్లాడుతున్నాడు. మొదట మేక ఎటు పారిపోయిందో చెప్పాడు. అది అయిపోయాక పెళ్లినాటి సంగతులు మొదలుపెట్టాడు. అవీ అయిపోయాక ఊపిరి తీసుకుందామని ఆగితే, "సచ్చినవా ఏంది? మాట్లాడు!" అని చాందీ యాడి గదమాయించింది. ఏం మాట్లాడాలో తోచక ఆయన అంగడిలో కూరగాయల పేర్లన్నీ చెప్పాడు. మొదటి గాజులు జారి వచ్చాయి. చివరి మూడు రాలేదు. సిస్టరు ప్లేయరును ఆయన చేతికిచ్చి, పైన తన చెయ్యి వేసి నడిపించింది. మూడు గాజులూ ఆయనే కోశాడు, గట్టిగా తన పేరూ తన తండ్రి పేరూ చెప్పుకుంటూ. లోపల ఆ పసిపిల్ల కూడా అప్పుడే ఏడుపు అందుకుంది. వరండాలో జనమంతా నవ్వులు. లోపలి నుంచి వచ్చిన సుజాత అయితే నవ్వి నవ్వి స్తంభాన్ని పట్టుకుంది. కడిగి కట్టు కట్టి, ధనుర్వాతం సూది వేసి, చెయ్యి ఎత్తి పెట్టుకోమని మెడకు గుడ్డ కట్టి పంపించాం. దిగిన గాజుల్లోంచి ఒకటి తీసి చాందీ యాడి నా చేతిలో పెట్టింది. "ఇంకోసారి మనోళ్లు వస్తే గింత ఆలిస్యం చెయ్యకు" అంది.

ఆ సాయంత్రం సిస్టరు వరండా మెట్ల మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. వక్క కదలడం లేదు. "గంటసేపు ఆమె గోరు నువ్వు నొక్కినవ్. నీ నోరు ఎవరు నొక్కిన్రు బిడ్డా?" అంది. అంతా చెప్పేశాను, బస్టాండూ ఆకుపచ్చ కిటికీతో సహా. సిస్టరు తిట్టలేదు. లేచి రిజిస్టరు తెచ్చి, నా పేరు పక్కన 'మానుకోట టౌన్' కొట్టేసి, మా తండా పేరు నాతోనే రాయించింది. తర్వాత కిందపడ్డ ఆటలో ఒక ప్రశ్న పెరిగింది. ఇంట్ల ఏం పూసుకొచ్చినవు అన్న తర్వాత, ఎవరిని పిలిపియ్యాలె అని కూడా అడగాలి. సుజాత మాత్రం మూడు రోజులు నాతో మాట్లాడలేదు, తండా గురించి కాదు, "నీ మూలంగ మా అమ్మతోటి సెలవులకు మానుకోట పోతనని కొట్లాడిన గదనే!" అని. ఆ సెలవులకు ఆమెను మా తండాకే తీసుకుపోయాను. తర్వాత మా యాడి జనగామ వచ్చినప్పుడు అద్దాల రవికెతో, గాజులతో, గేటు నుంచి ఒక్కసారి కూడా తట్టుకోకుండా గబగబా నడిచి వచ్చింది. నేను ఎదురు పోయాను. ఆమెను ఆ నేతచీరలో నడిపించినందుకే నేను సిగ్గుపడాల్సింది.

భూపాలపల్లి బస్సులో ఇవన్నీ నెమరేసుకుంటూ కూర్చున్నాను. చెల్పూరు కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడేసరికి, దిగే చోటు వచ్చిందని చీర సర్దుకున్నాను. హాలులో ఏసీ, తెర మీద రంగు రంగుల బొమ్మలు, టేబుల్ మీద కుట్లు నేర్చుకోవడానికి రబ్బరు చెయ్యి. ఆ చేతికి తోలు నిజం తోలులాగే ఉంది, కూర మాత్రం వండుకోలేరు. అమ్మాయిలు గబగబా నేర్చుకుంటున్నారు. ఏ దెబ్బకు ఫోటో తీయాలి, దేన్ని పెద్ద దవాఖానకు పంపాలి, అన్నీ కాగితం మీద గీతలు గీసి ఉన్నాయి. మా కాలంలో ఇవి ఉంటే ఎన్ని వేళ్లు దక్కేవో అనిపించింది. పిల్లలను పరిచయం చేసుకోమన్నాను. మూడో వరసలో ఒక సన్నటి పిల్ల లేచి, "కాటారంల పని చేస్తున్న మేడం. సొంతూరు మహబూబాబాద్ టౌన్, బస్టాండ్ పక్కన్నే" అంది. ఆ మాట చివర చూపు కిందికి దించింది. మానుకోట బస్టాండ్ పక్కన ఇంకా ఎన్ని ఇళ్లకు జాగా ఉందోనని నాలో నేను నవ్వుకున్నాను.

నా వంతు వచ్చింది, డాక్టరు బాబు నా కొంగుకు చిన్న మైకు పెట్టాడు. రాసుకొచ్చిన కాగితం సంచిలోనే ఉంచాను. పెట్టెలో దొరికిన గాజు చేతికి వేసుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నేను దెబ్బ తగిలిన మనిషిని. చెయ్యి ఉబ్బుతున్నది. ఎవరు చూస్తరో రాండ్రి" అన్నాను. ఒకమ్మాయి చకచకా వచ్చి, "గాజు తియ్యాలె మేడం, వాపు పెరుగుతది" అని చెయ్యి పట్టుకోబోయింది. నేను చెయ్యి గుండెకు అదుముకుని మా భాషలో మొదలుపెట్టాను. నా మనిషి బతికుండగా ముట్టొద్దు, ముట్టారో చూసుకోండి, అని. హాలంతా నవ్వింది. నేను ఆపలేదు. నవ్వు తగ్గింది. డాక్టరు బాబు ఫోన్ తీసి నా మూతి దగ్గర పెట్టాడు, అది తెలుగులోకి మార్చి ఏం చెబుతుందోనని. అది పాపం ఏదో చెప్పింది, ఎవరికీ అర్థం కాలేదు. నేను అవే మాటలు మళ్లీ అన్నాను, ఈసారి మెల్లగా. మూడో వరస వైపు మాత్రం చూడలేదు. చూస్తే నేను అడిగినట్టవుతుంది, అడిగినా నోరు విప్పని దాన్ని, అది ఎవరికి వాళ్లకే రావాలని నాకు తెలుసు కదా.

కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ సన్నటి పిల్ల నడిచి వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది. గాజును ముట్టలేదు. నా గోరు నొక్కి, వదిలి, చూసింది. తర్వాత మా భాషలో, హాలంతా వినబడేటట్టు అడిగింది. "యాడీ, తాత ఏడున్నడు? ముందుగల్ల ఆయనను పిలిపిద్దమా?"

నాకు గంట పట్టింది. ఆ పిల్లకు ఒక్క నిమిషం పట్టింది. నేను నర్సునన్న సంగతీ, దెబ్బ తగిలిన మనిషినన్న సంగతీ మరిచిపోయి ఆ పిల్ల రెండు బుగ్గలూ పట్టుకున్నాను. అమ్మాయిలు చప్పట్లు కొడుతున్నారు. ఆ సందట్లో ఆమె నా చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినబడకుండా, "మేడం, మీది ఏ తండా?" అని అడిగింది.

కొంగుకు పెట్టిన మైకు ఇంకా ఆన్‌లోనే ఉందని తెలుసు. చెప్పాను.